ఉత్తర తెలంగాణ నవలలు – చలనచిత్రానుసరణ

ఒక నవలలోని కథను, పాత్రలను, వాతావరణాన్ని తెరకు అనువుగా మలచి చిత్రంగా నిర్మించడాన్ని చలనచిత్రానుసరణ అంటారు. కొడిమ్యాల, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఈ ప్రాంత జీవితాన్ని చిత్రించిన నవలలు ఉన్నప్పటికీ, వాటితో పోలిస్తే తెరకెక్కిన కథలు తక్కువ. తెరకెక్కదగిన కొన్ని నవలలు, అందులోని సాధకబాధకాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

== నేపథ్యం ==
తెలుగు సినిమాకు నవలతో సంబంధం చాలా పాతది. గుడిపాటి వెంకటచలం రచన ఆధారంగా గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన మాలపిల్లతో సంస్కరణ చిత్రాల ధోరణి బలపడింది. 1960, 70 దశకాలలో రచయిత్రుల నవలలు విరివిగా సినిమాలయ్యాయి. కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణం డాక్టర్ చక్రవర్తి (1964)గా, యద్దనపూడి సులోచనారాణి మీనా (1973), సెక్రటరీ (1976) అవే పేర్లతో వెలువడ్డాయి. ఆ కథలలో అధికభాగం పట్టణ మధ్యతరగతి కుటుంబాలకు చెందినవి.

విశ్వనాథ సత్యనారాయణ నవల ఏకవీర 1969లో సి.ఎస్.రావు దర్శకత్వంలో చిత్రంగా వచ్చింది. దీనికి సంభాషణలు రాసిన సి.నారాయణరెడ్డి నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో జన్మించాడు. ఈ ప్రాంతపు రచయిత మదుర నాయకరాజుల కాలపు కథకు మాటలు సమకూర్చాడు.

== తెలంగాణ కథలు తెరపైన ==
దాశరథి రంగాచార్య నవల చిల్లర దేవుళ్ళు 1970వ దశకంలో టి.మధుసూదనరావు దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. నిజాం కాలపు దొరల గడీ, అందులోని ఆడబాపల బతుకు ఈ కథకు ఆయువుపట్టు. గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన మా భూమి (1979)కి ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల జబ్ ఖేత్ జాగే. అంటే తెలంగాణ రైతాంగ పోరాటంపై ప్రసిద్ధి పొందిన తెలుగు చిత్రానికి మూలం మరొక భాషలోని నవల.

== తెరకెక్కదగిన నవలలు ==
'''కొలిమంటుకున్నది''': అల్లం రాజయ్య రచన. 1970వ దశకంలో కరీంనగర్ జిల్లాలో సాగిన రైతుకూలీ ఉద్యమం ఇందులోని వస్తువు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. అదే సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వెట్టి, భూమి, కూలిరేట్లు ఆ కాలపు ప్రధాన సమస్యలు. నాటి సంఘటనలను కళ్ళారా చూసినవారు ఇప్పుడు వృద్ధులు. ఆనాటి మాటతీరు, పనిముట్లు, ఇళ్ళ తీరు తెలిసినవారు ఉండగానే చిత్రీకరణ జరగడం మేలు.

'''కొమురం భీం''': అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల. 1940లో నిజాం బలగాల చేతిలో మరణించిన గోండు వీరుని కథ. అదే వీరుని జీవితంపై అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో తయారైన కొమరం భీమ్ చిత్రం 2010లో విడుదలైంది.

'''ప్రజల మనిషి''': వట్టికోట ఆళ్వారుస్వామి రచన. నిజాం పాలనలోని తెలంగాణ పల్లెలో ప్రజాచైతన్యం ఎలా మొలకెత్తిందో చెబుతుంది.

'''లోపలి మనిషి''': పి.వి.నరసింహారావు ఆంగ్లంలో రాసి 1998లో ప్రచురించిన ఇన్‌సైడర్‌కు తెలుగు అనువాదం. పాత కరీంనగర్ జిల్లాలోని వంగర గ్రామంలో పెరిగి ప్రధానమంత్రి అయిన రచయిత, తన అనుభవాలను ఆనంద్ అనే పాత్ర ద్వారా చెప్పాడు.

== గల్ఫ్ వలస ==
కొడిమ్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి ఎందరో ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. అప్పుచేసి వీసా కొనడం, అక్కడ చిక్కుకుపోవడం, ఇంటివద్ద ఎదురుచూపులు ఇక్కడి కుటుంబాలకు తెలిసిన విషయాలే. బెన్యామిన్ మలయాళంలో 2008లో ప్రచురించిన ఆడుజీవితం నవల సరిగ్గా ఇటువంటి కథ. దర్శకుడు బ్లెస్సీ దానిని 2024లో చిత్రంగా విడుదల చేశాడు. కేరళ వలసకూలీ కథ తెరమీదికి రావడానికి ముందు పుస్తకంగా పాఠకులను చేరింది. తెలుగు గల్ఫ్ కథకు కూడా ఈ క్రమం మార్గదర్శకం కాగలదు.

== సాధకబాధకాలు ==
* '''నాయకపాత్ర''': ఉద్యమ నవలలలో ఊరే నాయకుడు. వాణిజ్య చిత్రం ఒక్క కథానాయకుని చుట్టూ తిరుగుతుంది. ఊరిలోని పదిమంది కలిసి చేసిన పనిని ఒక్కడికి అంటగడితే కథ సారమే మారిపోతుంది.
* '''నిడివి''': వందల పేజీల నవలను రెండున్నర గంటలలో ఇమడ్చడం కష్టం. భాగాలుగా వచ్చే ధారావాహిక ఇటువంటి రచనలకు ఎక్కువ అనువైనది.
* '''భాష''': తెలంగాణ మాటను చాలాకాలం హాస్యపాత్రలకు, ప్రతినాయకులకు పరిమితం చేశారు. సిరిసిల్ల ప్రాంత నేపథ్యంతో వేణు యెల్దండి తీసిన బలగం (2023) ఈ యాసలోనే నడిచి అన్ని ప్రాంతాల ప్రేక్షకులను ఆకట్టుకుంది. ఇది నవల ఆధారిత చిత్రం కాకపోయినా, యాస అడ్డంకి కాదని నిరూపించింది.
* '''హక్కులు''': 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచనను చలనచిత్రంగా తీసే హక్కు రచయితదే. సాధారణంగా అది రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ళపాటు వారసులకు ఉంటుంది. ఆళ్వారుస్వామి 1961లో మరణించాడు కనుక, ప్రజల మనిషికి ఆ గడువు 2021తో ముగిసింది. జీవించి ఉన్న రచయితల నవలలకు అనుమతి తప్పనిసరి.

== ఇటీవలి ధోరణి ==
సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాయలసీమ నేపథ్యంలో రాసిన కొండపొలం నవలను క్రిష్ 2021లో అదే పేరుతో తెరకెక్కించాడు. గొర్రెలకాపరుల అడవి ప్రయాణం వంటి వస్తువు కూడా పెద్ద చిత్రానికి ఆధారం కాగలదని దీనివలన తెలుస్తుంది. సినిమా వచ్చినప్పుడు మూలగ్రంథాన్ని వెతికి చదివేవారు ఉంటారు. అందువలన ప్రతులు సులభంగా దొరకని పాత నవలల పునర్ముద్రణకు కూడా చలనచిత్రానుసరణ దోహదపడగలదు.

== ఇవి కూడా చూడండి ==
* తెలుగు నవల
* జగిత్యాల జిల్లా
* మా భూమి (సినిమా)