చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగితే... అపోహలు – వాస్తవాలు

తిన్న కాసేపటికే పొట్ట బిర్రుగా ఉబ్బడం, తేన్పులు, నీళ్ల విరేచనాలు... అన్నింటికీ మనం పెట్టే పేరు ‘గ్యాస్ ట్రబుల్’. కొందరిలో అసలు కారణం చిన్నపేగులో బ్యాక్టీరియా మితిమీరి పెరగడం. వైద్యులు దీన్ని సిబో అంటారు.

అపోహ: పేగుల్లో బ్యాక్టీరియా ఉండటమే జబ్బు.
వాస్తవం: పెద్దపేగులో అవి కోట్లకు కోట్లు ఉండాల్సిందే. చిన్నపేగులోనే తక్కువగా ఉండాలి.

అపోహ: యాంటీబయాటిక్ కోర్సు వాడేస్తే పీడ విరగడవుతుంది.
వాస్తవం: రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ చాలామందికి ఉపశమనం ఇస్తుంది. కానీ సమస్య తిరగబెట్టడం మామూలే. ఎందుకో తెలుసుకోవాలి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 90–120 నిమిషాలకోసారి పేగులో ఒక కదలిక పుట్టి, మిగిలిన తిండినీ బ్యాక్టీరియానూ చీపురుతో ఊడ్చినట్టు కిందికి నెడుతుంది. ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా, పాత ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కున్నా ఆ పని కుంటుపడుతుంది. ఆ కారణాన్ని వదిలేసి, మందుల షాపులో అడిగి మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్ కొనుక్కోవడం ప్రమాదం. ఏదైనా తినగానే ఆ కదలిక ఆగిపోతుంది కాబట్టి, అస్తమానం చిరుతిళ్లు నమలకుండా భోజనాల మధ్య విరామం ఇవ్వడం మంచిదే. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం డాక్టర్‌ను అడగకుండా వేళలు మార్చకూడదు.

అపోహ: పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటే చాలు.
వాస్తవం: జీర్ణాశయంలోని ఆమ్లం తిండితో వచ్చే బ్యాక్టీరియాను చాలావరకు చంపుతుంది. ఆ ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు అవసరం లేకుండా నెలల తరబడి వాడితే సిబో ముప్పు పెరగొచ్చు.

అపోహ: శ్వాస పరీక్షలో వచ్చిందే తుది మాట.
వాస్తవం: గ్లూకోజ్ గానీ లాక్టులోజ్ గానీ తాగించి, బ్యాక్టీరియా వల్ల పుట్టి ఊపిరిలోకి వచ్చే హైడ్రోజన్ కొలుస్తారు. 90 నిమిషాల్లోపు 20 పీపీఎం పెరిగితే పాజిటివ్. కానీ లాక్టులోజ్ త్వరగా పెద్దపేగుకు చేరినా అంకె పెరుగుతుంది. లక్షణాలతో పోల్చి చూడాల్సిందే.

అపోహ: ఉల్లి, వెల్లుల్లి, పప్పు జన్మలో ముట్టకూడదు.
వాస్తవం: కొన్ని వారాలు తగ్గిస్తే ఉబ్బరం తగ్గుతుంది, జబ్బు నయం కాదు. తర్వాత ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టాలి. ఈ సమస్య ముదిరితే పోషకాలు ఒంటికి సరిగా పట్టవు. పైగా పథ్యం పేరుతో ఇంకా చిక్కిపోతే ఎలా? ఆ బ్యాక్టీరియా మన బీ12ను కూడా తినేస్తుంది. బీ12 తగ్గినా వచ్చే అరికాళ్ల తిమ్మిర్లను షుగర్‌కే అంటగట్టకుండా బీ12 పరీక్ష చేయించుకోండి. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా, విరేచనం కోసం నిద్ర మధ్యలో లేవాల్సి వస్తున్నా ఆలస్యం చేయకుండా జీర్ణకోశ వైద్యుడి దగ్గరికి వెళ్లండి.