కొత్త కంప్యూటర్ కొనే ముందు... ఒక్క వై-ఫై కార్డు సరిపోతుందేమో చూడండి



పిల్లలకు ప్రాజెక్టు వర్క్ ఇచ్చినప్పుడల్లా మన సైదాబాద్ బ్రాంచిలో వినిపించే మాట ఒకటుంది. "ఇంట్లో కంప్యూటర్ ఉంది సార్, కానీ దానికి నెట్ రాదు. బాబు నా ఫోన్‌లోనే చేసుకుంటాడు." అంటే నాన్న డ్యూటీ నుంచి వచ్చేదాకా, లేదా అమ్మ ఫోన్ ఖాళీ అయ్యేదాకా హోంవర్క్ ఆగిపోతుందన్నమాట.

2020లో ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పుడు చాలా ఇళ్ళకు సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లు వచ్చాయి. ఆఫీసుల్లో అవి కేబుల్‌తో నడిచినవే కాబట్టి వాటిలో చాలావాటికి వై-ఫై కార్డు ఉండదు. అంతమాత్రాన కంప్యూటర్ పాడైనట్టు కాదు. "ఇది పాతదైపోయింది, కొత్తది తీసుకోండి" అని ఎవరైనా చెబితే ఒక్క నిమిషం ఆగండి. టర్మ్ ఫీజు కట్టాల్సిన నెలలో ముప్పై వేలు చిన్న మొత్తం కాదు. మీకు కావలసింది వెయ్యి రూపాయల లోపు వస్తువే కావచ్చు.

ముందు పైసా ఖర్చు లేని పరీక్షలు

1. కార్డు ఉందో లేదో చూడండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో "నెట్‌వర్క్ అడాప్టర్స్" కింద వై-ఫై లేదా వైర్‌లెస్ అనే మాట కనిపిస్తే కార్డు ఉన్నట్టే. అప్పుడు సమస్య డ్రైవర్‌లోనో సెట్టింగులోనో ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే ఏరోప్లేన్ మోడ్ పొరపాటున ఆన్ అయిందేమో కూడా చూడండి.

2. ఫోన్‌నే వై-ఫై కార్డుగా వాడి చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఇంటి వై-ఫైకి కలిపి, మొబైల్ డేటా ఆపేయండి. ఛార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, సెట్టింగుల్లో హాట్‌స్పాట్ దగ్గర ఉండే "యూఎస్‌బీ టెథరింగ్" ఆన్ చేయండి. చాలా ఫోన్లలో ఇంటి వై-ఫై ఆ కేబుల్ మీదుగా కంప్యూటర్‌కు చేరుతుంది. నెట్ వచ్చిందంటే కంప్యూటర్ బాగానే ఉంది, లేనిది కార్డు మాత్రమే. కార్డు కొన్న తర్వాత కూడా ఈ పద్ధతి గుర్తుంచుకోండి. ఆన్‌లైన్ పరీక్ష రోజు కార్డు మొరాయిస్తే ఇదే ఆదుకుంటుంది.

3. రౌటర్ అదే గదిలో ఉంటే లాన్ కేబుల్ చాలు. డెస్క్‌టాప్ వెనుక లాన్ పోర్టు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. క్యాట్ 5ఈ రకం కేబుల్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. వై-ఫై కంటే నిలకడగా నెట్ ఇస్తుంది, ఖర్చూ తక్కువ.

ఏ కార్డు కొనాలి?

కేబుల్ వేయడం కుదరకపోతే అప్పుడు కార్డు గురించి ఆలోచించండి. డెస్క్‌టాప్‌కు ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి. ధరలు షాపును బట్టి, బ్రాండును బట్టి మారతాయి. ఇవి సుమారు లెక్కలు.

• గోరంత ఉండే యూఎస్‌బీ అడాప్టర్, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే: రూ. 300 నుంచి 600.
• డ్యూయల్ బ్యాండ్ యూఎస్‌బీ అడాప్టర్, 2.4తో పాటు 5 గిగాహెర్ట్జ్ కూడా: రూ. 900 నుంచి 1,500. యాంటెన్నా ఉన్నవీ దొరుకుతాయి.
• సీపీయూ డబ్బా తెరిచి లోపల బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు: రూ. 1,500 నుంచి 3,000. దీన్ని తెలిసినవారితోనే బిగించుకోవాలి.

హోంవర్క్, వీడియో క్లాసుల కోసమైతే మూడో రకం అవసరం లేదు. మొదటి రెండింటిలో ఏది కొనాలన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది.

2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి ఎక్కువ దూరం వెళుతుంది, కానీ అందులో రద్దీ ఎక్కువ. ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఉన్న మన వీధుల్లో ఫోన్ తీసి చూస్తే పది, పదిహేను వై-ఫై పేర్లు కనిపిస్తాయి. సాయంత్రం అందరూ ఒకేసారి వాడినప్పుడు వీడియో ఆగి ఆగి రావడానికి ఇదొక కారణం. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. కానీ గోడలు అడ్డొస్తే త్వరగా బలహీనపడుతుంది.

కాబట్టి కంప్యూటర్ రౌటర్ ఉన్న గదిలోనో పక్క గదిలోనో ఉండి, చుట్టూ రౌటర్లు ఎక్కువగా ఉంటే డ్యూయల్ బ్యాండ్ తీసుకోండి. రెండు మూడు గోడల అవతల ఉంటే 2.4 బ్యాండే అందుతుంది, అప్పుడు యాంటెన్నా ఉన్నది మేలు. మీ రౌటర్ 2.4 మాత్రమే ఇచ్చేదైతే 5 కోసం పెట్టే డబ్బు వృథా. రౌటర్ అడుగున ఉన్న మోడల్ నంబరును ఫోటో తీసుకుంటే షాపులో చెప్పగలుగుతారు. వై-ఫై పేరు చివర "5జీ" అని ఉంటే అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అని అర్థం.

పెట్టె మీది అంకెలు

"600 ఎంబీపీఎస్" అని ఉంటే రెండు బ్యాండ్ల గరిష్ఠ వేగాలను కలిపి వేసిన లెక్క. ఒకసారికి ఒక బ్యాండే పనిచేస్తుంది. అసలు వేగం అందులో సగం కూడా రాకపోవచ్చు. కంగారు పడనక్కరలేదు. ఒక వీడియో క్లాసుకు మూడు, నాలుగు ఎంబీపీఎస్ చాలు. మీ ఇంటి ప్లానే 40 ఎంబీపీఎస్ అయితే 1,300 అంకె ఉన్న కార్డు కొన్నా నెట్ వేగం 40కి మించదు.

వై-ఫై 4, 5, 6 అనేవి తరాల పేర్లు. 2018 నుంచి ఈ పేర్లు వాడుకలోకి వచ్చాయి. వై-ఫై 4 అంటే 2009 నాటి "ఎన్", వై-ఫై 5 అంటే 2013 నాటి "ఏసీ". పాత డెస్క్‌టాప్‌కు వై-ఫై 5 సరిపోతుంది.

ఎక్కడ కొనాలి, ఏం చూడాలి?

మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ షాపుల్లో ముందు ధర అడగండి. నాలుగైదు షాపుల్లో పోల్చి చూడాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళండి. మలక్‌పేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్ స్టేషన్‌లో దిగవచ్చు. ఆదివారం వెళ్ళాలనుకుంటే తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి.

కొనేటప్పుడు ఇవి మరచిపోకండి:

• ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు ఉండాలి. ఇవేమీ లేని రూ. 150 అడాప్టర్ జోలికి వెళ్ళకండి.
• మీ విండోస్ ఏ వెర్షనో చెప్పి, దానికి పనిచేస్తుందో లేదో అడగండి. విండోస్ 7 ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.
• వీలైతే కౌంటర్ దగ్గరే పెట్టించి చూడండి. బిల్లు, వారంటీ తీసుకోండి. బిల్లు ఉండి కూడా షాపువారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇంటికి తెచ్చాక

కొన్ని అడాప్టర్లకు డ్రైవర్ సీడీలో ఇస్తారు, మీ కంప్యూటర్‌కు సీడీ డ్రైవ్ ఉండకపోవచ్చు. డ్రైవర్ కోసం నెట్ కావాలి, నెట్ కోసం డ్రైవర్ కావాలి! అప్పుడు పైన చెప్పిన ఫోన్ పద్ధతిలో నెట్ పెట్టుకుని, తయారీ సంస్థ వెబ్‌సైట్ నుంచే డ్రైవర్ దించుకోండి. "ఫ్రీ డ్రైవర్ అప్‌డేటర్" అని కనిపించే ప్రకటనలను పిల్లలు నొక్కకుండా చూడండి.

సీపీయూ వెనుక గోడకు నొక్కుకుపోయేలా అడాప్టర్ పెడితే సిగ్నల్ తగ్గుతుంది. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని టేబుల్ మీదికి తెండి. రౌటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఇనప బీరువా ఉంటే రెండింటిలో ఒకదాన్ని జరపండి.

కంప్యూటర్‌ను హాల్లో, అందరికీ స్క్రీన్ కనిపించే చోట పెట్టండి. అడాప్టర్ బిగించే పని మీ పక్కన కూర్చోబెట్టుకుని పిల్లలతోనే చేయించండి. పాత వస్తువును పారేయకుండా ఏం లోపించిందో కనిపెట్టి సరిచేయడం వాళ్ళకూ మంచి పాఠమే. ఏ అడాప్టర్ కొనాలో ఇంకా సందేహంగా ఉంటే కంప్యూటర్, రౌటర్ మోడల్ నంబర్ల ఫోటోలు తీసుకుని వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు మన కంప్యూటర్ ల్యాబ్ టీచర్‌ను కలవండి. కొన్నాక కాదు, కొనక ముందే రండి.