కప్ప చేతుల చెట్టు

జపాను భాషలో మేపుల్ చెట్టును 'కయెదే' అంటారు. 'కప్ప చేయి' అని దాని మూలార్థం. ఆకు ఆకృతిని బట్టి వచ్చిన పేరది. 1784లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు తున్‌బెర్గ్ దీనికి 'ఏసర్ పామేటమ్' అని నామకరణం చేశాడు. శరదృతువులో ఎర్రబారే ఆ ఆకుల శోభను తిలకించడానికి జపానీయులు కొండలకు తరలిపోతారు.

ఈ చెట్టు వేళ్ళు లోతుకు పోవు. అందుచేత నేల ఎండినా, నీరు నిలిచినా ముప్పే. నీరు సులభంగా ఇంకే నేలలో, మధ్యాహ్నపు ఎండ సోకని చోట నాటాలి. మొదలు చుట్టూ ఎండుటాకులు పరచాలి; అవి కాండాన్ని తాకరాదు.

దీని పరమశత్రువు వెర్టిసిలియం అనే శిలీంధ్రం. అది వేళ్ళగుండా ప్రవేశించి, నీటి నాళాలను మూసివేస్తుంది. దానికి మందు లేదు. ఎండిన కొమ్మలను తొలగించి, కత్తెరను శుద్ధి చేయాలి. చెట్టు చనిపోతే, అక్కడే మరో మేపుల్‌ను నాటరాదు. ఆ శిలీంధ్రం ఏళ్ళ తరబడి మట్టిలో పొంచి ఉంటుంది.