ఆర్థిక సంక్షోభాల పాఠం: రాయ్‌పూర్ నుంచే మొదలుపెట్టవచ్చు

ఆర్థిక సంక్షోభం అనగానే తరగతి గదిలో ముందుగా వినిపించేది 2008 సెప్టెంబర్ 15న అమెరికాలో దివాలా తీసిన లేమన్ బ్రదర్స్ పేరు. రాయ్‌పూర్ విద్యార్థి అంత దూరం వెళ్లనక్కరలేదు. ఈ నగరంలోని ఇందిరా ప్రియదర్శిని మహిళా నాగరిక్ సహకార బ్యాంకు 2006లో కుప్పకూలింది. వేలాది మంది చిన్న పొదుపుదారుల సొమ్ము అందులో చిక్కుకుంది.

ఈ పాఠానికి కావలసిన సామగ్రి చాలావరకు అంతర్జాలంలో ఉచితంగానే దొరుకుతుంది. డిపాజిట్ బీమా సంస్థ వెబ్‌సైట్‌లో ప్రశ్నలు, సమాధానాలు ఉన్న పుట ఒక్కటి చాలు, ఒక పీరియడ్ గడిచిపోతుంది. 1993 నుంచి బీమా పరిమితి ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు లక్ష రూపాయలు. 2020 ఫిబ్రవరి 4 నుంచి అసలు, వడ్డీ కలిపి 5 లక్షలు. మూతపడిన బ్యాంకులో 3 లక్షలు దాచుకున్న వ్యక్తికి 2006లో బీమా కింద ఎంత వచ్చేది, నేడైతే ఎంత వస్తుంది అన్న లెక్కను విద్యార్థుల చేతనే కట్టించాలి. నాడు మిగిలిపోయే 2 లక్షలు, బ్యాంకు ఇచ్చిన అప్పులు వసూలైతేనే చేతికందుతాయి. బ్యాంకు మన సొమ్మును పెట్టెలో దాచదు, అప్పుగా ఇస్తుంది. నమ్మకం సడలి అందరూ ఒకేసారి అడిగితే తిరిగి ఇవ్వలేదు. సంక్షోభానికి మూలసూత్రం ఇదే.

ఇక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు మరో ఉదాహరణ చేరువలోనే ఉంది. ఒకే ఇంటికి పలు సంస్థలు అప్పులిచ్చి, వసూళ్లకు ఒత్తిడి తెచ్చిన నేపథ్యంలో 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. ఒక రుణగ్రహీతకు రెండుకు మించి సంస్థలు అప్పు ఇవ్వరాదని సూచించిన మాలేగాం కమిటీ నివేదిక రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. ఈ రెండు ఉదంతాలు బోధపడిన తరువాత, 2008 సంక్షోభంపై అమెరికా విచారణ సంఘం 2011లో వెలువరించిన నివేదిక కొరుకుడు పడని గ్రంథంగా అనిపించదు. అదీ ఉచితమే. ‘స్వయం’ వేదికపై ఆర్థికశాస్త్ర పాఠాలు వినడానికి రుసుము లేదు; ధ్రువపత్రం కోసం పరీక్ష రాసేవారే చెల్లించాలి.

అయితే ఉచితంగా దొరికేదంతా నమ్మదగినది కాదు. ఇదే తెరపై, డబ్బు రెట్టింపు చేస్తామనే వీడియోలూ ఉచితమే. ఎవరు చెప్పారు, ఏ సంవత్సరంలో చెప్పారు అన్నది చూడడం పాఠంలో భాగం కావాలి. బీమా పరిమితిని ఇప్పటికీ లక్షగానే చూపే పాత పుటలు తక్కువేమీ కాదు. నెట్ సరిగా అందని బడులకు ఉపాధ్యాయులు ముందుగానే దించుకున్న ప్రతులే ఆధారం.

ఇంటిపనిగా ఒకటి ఇవ్వవచ్చు: తమ వీధిలో డిపాజిట్లు సేకరిస్తున్న సంస్థకు అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో వెతికి, ఆ ఫలితాన్ని ఇంట్లో పెద్దలకు చదివి వినిపించడం.