ఆటిజం గల పిల్లలకు బడి ఆటలు

ఆటిజం గల పిల్లల చలన నైపుణ్యాలను, అనగా శరీరాన్ని అదుపుతో కదిలించే నేర్పును పెంచడానికి పరుగు, గెంతు, విసురులతో కూడిన ఆటలను బడిలో క్రమపద్ధతిలో ఆడించవచ్చును. నడక, పరుగు, గెంతు వంటివి స్థూల చలన నైపుణ్యాలు. పెన్సిలు పట్టుకొనడం, గుండీలు పెట్టుకొనడం వంటివి సూక్ష్మ చలన నైపుణ్యాలు.

నేపథ్యం

1943లో ఆటిజమును వర్ణించిన లియో కానర్, తాను పరిశీలించిన పిల్లలలో కొందరి నడకలో తడబాటు ఉన్నట్లు పేర్కొన్నాడు. చలన లోపం ఆటిజం నిర్ధారణకు ముఖ్య లక్షణం కాదు. అయినా ఆటిజం గల పిల్లలలో చాలామందికి బంతి పట్టుకొనడం, ఒంటికాలిపై నిలబడడం కష్టమవుతుంది. ఆటలో వెనుకబడిన పిల్లవాణ్ణి తోటివారు జట్టులో చేర్చుకొనరు. ఆడనందువలన నేర్పు పెరగదు, స్నేహాలు కూడా ఏర్పడవు. ఆటల పీరియడులో అతనిని పక్కన కూర్చోబెట్టడం ఈ నష్టాన్ని మరింత పెంచుతుంది.

అనువైన ఆటలు

తెలుగునాట ఆడే అనేక ఆటలకు ఖర్చు ఉండదు.
* తొక్కుడుబిళ్ళ: గీతలు తొక్కకుండా గెంతడం వలన సమతౌల్యం అలవడుతుంది. మొదట రెండు కాళ్ళతో, తరువాత ఒంటికాలితో ఆడించాలి.
* ఏడు పెంకులాట: గురి, పరుగు, పెంకులు పేర్చే ఓపిక అవసరం. మొదట పెద్ద బంతి, మూడు పెంకులు చాలును.
* గోలీలు: వేళ్ళ పట్టు పెరుగుతుంది. వస్తువులను నోట పెట్టుకొనే పిల్లలకు ఇవ్వరాదు.
* ఒప్పులకుప్ప: గుండ్రంగా తిరగడం కొందరికి ఇష్టం, కొందరికి భయం. బలవంతం చేయరాదు.

ఆడించే విధానం

ఆట ప్రతిదినం ఒకే వేళకు, ఒకే చోట జరగాలి. చెప్పడం కంటె చేసి చూపడం మేలు. ఆట వరుసను బొమ్మలలో చూపి, మొదట ఒక్క జతగాడితో ఆడించి, క్రమంగా జట్టులో చేర్చాలి. పెద్ద శబ్దాలు భరించలేని పిల్లలకు ఈలకు బదులు చేతి సైగ వాడవచ్చును. మూర్ఛ వ్యాధి ఉన్నవారి విషయంలో వైద్యుని సలహా తప్పనిసరి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో వేసవి ఎండ తీవ్రం కనుక ఉదయపు వేళ, నీడపట్టున ఆడించడం మంచిది.

చట్టం, సహాయం

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజమును 21 వైకల్యాలలో ఒకటిగా గుర్తించినది. ఈ చట్టం 16వ సెక్షను ప్రకారం ప్రభుత్వ బడులు, ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన బడులు దివ్యాంగ పిల్లలకు ఇతరులతో సమానంగా ఆటపాటల అవకాశం కల్పించాలి. కనుక ఆటలో చోటు ఉపాధ్యాయుని దయ కాదు, పిల్లల హక్కు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుండి విడివడిన ప్రాంతాలకు నెల్లూరు జిల్లాలోని కొంత భాగం కలిపి తిరుపతి జిల్లా ఏర్పడినది. ఆంధ్ర ప్రదేశ్‌లో సమగ్ర శిక్ష క్రింద ఉన్న భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లల శిక్షణకు ఉద్దేశించినవి.

పరిమితులు

ఆటలు ఆటిజమును నయం చేయవు. అది నయం చేయవలసిన రోగం కాదు. మార్పు నెమ్మదిగా వస్తుంది, పిల్లవానికీ పిల్లవానికీ తేడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 5–17 ఏళ్ళ దివ్యాంగ పిల్లలకు కూడా రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమను సూచించినది. ఇందులో కొంత భాగమైనా బడి ఆటస్థలంలో, తోటివారి నడుమ గడవడం ఈ పద్ధతి ఉద్దేశ్యం.