కోవిడ్ విధుల్లో ఆరోగ్య సిబ్బంది నిద్ర సమస్యలు

నిద్ర పట్టని మనిషితో మనం సాధారణంగా “ఎక్కువగా ఆలోచించకు, అదే పడుతుంది” అంటాం. అంటే లోపం ఆ మనిషి మనసులో ఉందని ముందే తీర్మానించుకుంటాం. ఈ పాఠ్యభాగంలో కోవిడ్ వార్డుల్లో పనిచేసినవారి నిద్రలేమిలో మనసు పాత్ర ఎంతో, డ్యూటీ పట్టిక పాత్ర ఎంతో విడదీసి చూద్దాం.

అంకెలు ఏం చెబుతున్నాయి?

2020 జనవరి 29 నుంచి ఫిబ్రవరి 3 వరకు, అంటే ఊహాన్‌లో లాక్‌డౌన్ మొదలైన వారానికే, చైనాలోని 34 ఆసుపత్రులకు చెందిన 1,257 మంది డాక్టర్లు, నర్సులకు పరిశోధకులు ఒక ప్రశ్నావళి ఇచ్చారు. వారిలో 34 శాతం మందిలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి. ఈ అంకె చూసి విద్యార్థులు “మూడో వంతు మందికి నిద్రలేమి వ్యాధి వచ్చింది” అని రాసేస్తుంటారు. అది సరికాదు. అక్కడ వాడిన నిద్రలేమి తీవ్రతా సూచికలో 7 ప్రశ్నలు, మొత్తం 28 మార్కులు ఉంటాయి. 8 నుంచి 14 వరకు వస్తే తేలికపాటి దశ. 15 గానీ అంతకు మించి గానీ వస్తే సమస్య ముదిరినట్లు లెక్క. పై 34 శాతంలో ఎక్కువమంది తేలికపాటి దశలోనివారే. 15 లేదా ఆపైన వచ్చినవారు మొత్తం సిబ్బందిలో పదో వంతు కూడా లేరు. అయితే మందు మోతాదు లెక్కగట్టే మనిషి విషయంలో తేలికపాటి నిద్రలేమి కూడా తేలికైనది కాదు.

నిద్ర వెనుక రెండు శక్తులు

1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించిన నమూనా ప్రకారం నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. మొదటిది నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నకొద్దీ ఇది పెరుగుతుంది, నిద్రపోతే తగ్గుతుంది. రెండోది మెదడులోని జీవగడియారం. ఇది వెలుతురును బట్టి పగలు మెలకువను, రాత్రి నిద్రను నిర్దేశిస్తుంది. మామూలు మనిషికి ఈ రెండూ రాత్రిపూట కలిసి పనిచేస్తాయి.

రాత్రి డ్యూటీ ముగించుకుని ఉదయం ఇంటికి చేరిన నర్సుకు ఇవి ఎదురుబొదురుగా నిలుస్తాయి. ఒళ్ళు నిద్ర కోరుతుంది, గడియారం లెమ్మంటుంది. దారిలో ఎండ కళ్ళలో పడి నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను అణచివేస్తుంది. నాలుగైదు గంటలకే మెలకువ వచ్చేస్తుంది. ఇంటిపని కూడా ఆమెదే అయితే ఆ నాలుగు గంటలూ దక్కవు. ఇది మహమ్మారికి ముందూ ఉన్న సంగతే.

కోవిడ్ దీనికి మరికొన్ని జోడించింది. పీపీఈ కిట్ వేసుకున్నాక విప్పేదాకా గంటల తరబడి మంచినీళ్ళు లేవు, టాయిలెట్ లేదు. ఇంట్లో ముసలివాళ్ళకు అంటిస్తానేమోనన్న భయం, క్వారంటైన్ గదిలో ఒంటరితనం, కళ్ళముందు పోయిన ప్రాణాలు, ఇవన్నీ శరీరాన్ని అప్రమత్త స్థితిలోనే ఉంచుతాయి. మనసు పాత్ర వచ్చేది ఇక్కడ. కానీ అది అప్పటికే దెబ్బతిన్న నిద్ర మీద పడిన రెండో దెబ్బ.

రోగి భద్రతతో సంబంధం

ఆస్ట్రేలియాలో జరిగి 1997లో వెలువడిన ఒక ప్రయోగం ఇలా తేల్చింది: వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరు స్థాయికి పడిపోతుంది. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు అనుమతించే హద్దు 0.03 శాతమే. లారీ నడపనివ్వని స్థితిలో ఉన్న మనిషి చేత వెంటిలేటర్ సరిచేయిస్తున్నామన్నమాట! అమెరికాలో ఐసీయూ జూనియర్ డాక్టర్లపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో, 24 గంటలు దాటే షిఫ్టులున్న పాత పట్టిక కింద తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువగా జరిగాయి.

ఏం చేయవచ్చు?

ఒత్తిడి తగ్గించుకోండంటూ గోడకు పోస్టరు అంటించి, వరుసగా ఆరు రాత్రులు డ్యూటీ వేస్తే ప్రయోజనం లేదని నా అభిప్రాయం. ముందు పట్టిక మారాలి. వరుస రాత్రులను తగ్గించాలి. షిఫ్టులు ఉదయం, సాయంత్రం, రాత్రి అన్న క్రమంలో ముందుకు జరగాలి, ఎందుకంటే జీవగడియారాన్ని వెనక్కి జరపడం కంటే ముందుకు జరపడం తేలిక. రాత్రి డ్యూటీ మధ్యలో 20, 30 నిమిషాల కునుకుకు అనుమతి ఉండాలి. లేచాక మత్తు వదలడానికి కొన్ని నిమిషాలు ఇవ్వాలి.

వ్యక్తి చేతిలో ఉన్నవి కొన్నే. డ్యూటీ చివరి గంటల్లో టీ, కాఫీ మానడం, ఇంటికి వెళ్ళేటప్పుడు నల్లకళ్ళద్దాలు, గదికి మందపాటి తెరలు. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోకూడదు. ఆసుపత్రి సిబ్బందికి అవి సులభంగా దొరుకుతాయి కనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి మొదటి చికిత్స నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే ప్రవర్తనా చికిత్సే, మాత్రలు కావు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక నర్సు ఉదయం 6 గంటలకు లేచి, పగలు కునుకు తీయకుండా, రాత్రి 8 గంటలకు విధుల్లో చేరింది. ఆమె 17 గంటల హద్దును ఎన్ని గంటలకు దాటుతుంది? తెల్లవారుజామున 4 గంటలకు ఆమె ఎన్ని గంటలుగా మేలుకొని ఉంది? ఆమె పట్టికను మీరు ఎలా మారుస్తారు? పది వాక్యాల్లో రాయండి.