పాత ట్రాక్టరు: బాగుచేయించుటయా, విప్పి అమ్ముటయా?

చాల గ్రామములలో పశువులపాక ప్రక్కనో, చింతచెట్టు క్రిందనో పాత ట్రాక్టరు ఒకటి నిలిచియుండును. చవుకగ వచ్చినదని రైతు దానిని కొనియుండును. లేదా తండ్రినాటి బండిని విడువలేక ఉంచుకొనియుండును. హెడ్డు గోనెసంచిలోను, పిస్టనులు అటకమీదను ఉండును. "ఇంకొక ఇరువది వేలు చాలును" అని మెకానిక్కు చెప్పిపోయిన పిమ్మట రెండు ఏరువాకలు గడచియుండును. ఇట్టి బండిని మరల నడిపించవలెనా, లేక విప్పి భాగములను అమ్ముకొనవలెనా అను ప్రశ్నకు అందరికిని ఒకే జవాబు లేదు. కాని జవాబును తెలిసికొను పద్ధతి కలదు. దానిని ఇచ్చట వివరించుచున్నాము.

మొట్టమొదట మనస్సులోనుండి తీసివేయవలసిన అంకె ఒకటి కలదు. అది ఇంతవరకు మీరు ఆ బండిపై పెట్టిన సొమ్ము. "ఇంత పెట్టితిమి, ఇప్పుడెట్లు వదలుదుము" అను మాటయే రైతును అప్పులోనికి దింపుచున్నది. వేరుకుళ్ళు పట్టిన నిమ్మచెట్టుకు పోయిన యేడు ఎంత ఎరువు వేసితిమని లెక్కించి ఈ యేడు ఎరువు వేయము గదా. ఇక కాపు కాయునా, కాయదా అని మాత్రమే చూతుము. ట్రాక్టరు విషయమున గూడ ఇక పెట్టవలసినది ఎంత, ఇక రాబోవునది ఎంత అను రెండు అంకెలే లెక్కకు వచ్చును.

వెనుక భాగమును ముందు చూడుడు

ట్రాక్టరు అనగానే అందరును ఇంజను చుట్టు చేరుదురు. వెనుక భాగమునుండి ప్రారంభింపుడని మా సలహా. కారుకు, లారీకి ఉన్నట్లు సాధారణముగ ట్రాక్టరుకు వేరుగ ఛాసిస్ చట్రము ఉండదు. ఇంజను బ్లాకు, గేరుబాక్సు, వెనుక ఇరుసు పెట్టె అను పోత ఇనుప భాగములను ఒకదానితో నొకటి బోల్టులతో బిగించినదే దాని శరీరము. ఇంజను అరిగినచో స్లీవులు, పిస్టనులు, రింగులు, బేరింగులు సెట్టుగ దొరకును. వెనుక పెట్టె పగిలినను, క్రౌను పినియను పండ్లు విరిగినను ఆ ఖర్చు వేరు. బరువు లాగు చోట పోత ఇనుమునకు వేసిన వెల్డింగు చాలకాలము నిలుచుట అరుదు.

డెల్టా ప్రాంతములలో దమ్ము చేసిన బండ్లను మరింత జాగ్రత్తగ చూడవలెను. బురదనీరు ఇరుసు సీళ్ళగుండ లోపలికి పోయి గేరు నూనెతో కలియును. బండిని ఒక రాత్రి కదలింపక ఉంచి, ఉదయమున గేరుబాక్సు అడుగు బోల్టును మెల్లగ వదలు చేయుడు. నీరు నూనెకన్న బరువు గనుక అడుగున చేరి మొదట బయటికి వచ్చును. నూనె మజ్జిగవలె తెల్లగ నున్నచో లోపలి బేరింగులకు తుప్పు పట్టియుండునని అనుమానింపవలెను. పిదప నూనెను పళ్ళెములో పట్టి అందులో అయస్కాంతమును త్రిప్పుడు. పిండివంటి నుసి అంటుకొనుట పాత బండికి సహజమే. పెసరగింజ ప్రమాణమున ముక్కలు దొరకినచో ఎక్కడనో పన్ను విరిగినదన్నమాట. అట్టి బండి ఇంజను ఎంత చక్కగ మ్రోగినను బాగుచేయింపబోవు ముందు రెండుసార్లు ఆలోచింపవలెను.

హైడ్రాలిక్కును చూచుటకు కల్టివేటరును తగిలించి పైకెత్తి ఇంజనును ఆపుడు. వెంటనే దిగిపోయినచో సీళ్ళు పోయినవని తలచవచ్చును. చాలసార్లు ఇది చిన్న పనియే. దీనికి భయపడి బండిని అమ్ముకొనరాదు. కల్టివేటరు పైకెత్తియుండగ దాని క్రిందికి ఎవ్వరును పోరాదు.

ఇంజను పరీక్ష

ఇంజను తిరుగునదైనచో చల్లగ నున్నప్పుడే స్టార్టు చేయవలెను. వేడి ఇంజను తన లోపములను దాచును. పొగ నీలముగ వచ్చుచున్నచో ఇంజను నూనె కాలుచున్నది. రింగులో, స్లీవులో, వాల్వు గైడులో అరిగినవి. నల్లపొగకు కారణము తరచుగ గాలి ఫిల్టరు మూసుకొనుట, నాజిలు చెడుట లేక పంపు ఎక్కువ డీజిలు పోయుట. చల్లని ఇంజను మొదట కొంచెము తెల్లపొగ విడుచుట సాధారణమే. వేడెక్కిన పిమ్మట గూడ విడుచుచున్నచో కంప్రెషను తగ్గియుండవచ్చును, లేక నీరు లోపలికి పోవుచుండవచ్చును. రేడియేటరు మూతను ఇంజను చల్లగ నున్నప్పుడే తీసి, స్టార్టు చేసి చూడుడు. బుడగలు వరుసగ వచ్చుచున్నచో హెడ్డు గాస్కెట్టు పోయియుండును, లేక హెడ్డుగాని బ్లాకుగాని చిట్లియుండును. గాస్కెట్టు ఖర్చు స్వల్పము. బ్లాకు చిట్లినచో సంగతి వేరు. ఈ రెంటిలో ఏది అను విషయము తేలకముందే మెకానిక్కుకు బయానా ఇయ్యరాదు. హెడ్డును వర్కుషాపులో నీటి ఒత్తిడితో పరీక్షింపవచ్చును.

క్రాంకు షాఫ్టును ఇదివరకు ఎన్ని సార్లు పట్టించిరో తప్పక కనుగొనవలెను. అంగుళమును వేయి భాగములు చేసినచో అందు పది, ఇరువది, ముప్పది భాగముల మేర తగ్గించి, దానికి సరిపోవు బేరింగులను వేయుట మామూలు పద్ధతి. పాత బేరింగు వెనుక ఆ సైజు అంకె ముద్రింపబడియుండును. చివరి సైజు గూడ అయిపోయిన క్రాంకునకు ఇక ఆయువు లేదు, కొత్తది కొనవలసినదే. ఈ ఒక్క అంకె మెకానిక్కు చెప్పిన ఖర్చును తారుమారు చేయును.

సైలెన్సరుకు మూత లేక వానలో నిలిచిన బండి ఇంజను పట్టుకొనిపోవుట సామాన్యము. వాన నీరు గొట్టముద్వారా సిలిండరులోనికి దిగి రింగులు తుప్పుపట్టును. ఇట్టిదానిని మరియొక బండికి కట్టి లాగి స్టార్టు చేయ ప్రయత్నింపరాదు. కనెక్టింగు రాడ్డు వంగును. నాజిళ్ళు తీసి ఆ రంధ్రములలో డీజిలును, ఇంజను నూనెను కలిపి పోసి కొన్ని దినములు ఉంచి, పిదప చేతితో త్రిప్పి చూడవలెను. కదలినచో సగము భారము తీరినట్లే.

విడిభాగముల లభ్యతను గూడ విచారింపవలెను. మాస్సీ 1035, మహీంద్ర 275 రకముల భాగములు పట్టణములలో విరివిగ దొరకును. ఎచ్.ఎం.టి. ట్రాక్టరుల విభాగమును మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గము 2016లో ఆమోదించినది. అందుచే ఆ బండ్లవారు చాలవరకు పాత భాగములపైనను, ఇతరులు చేయు నకళ్ళపైనను ఆధారపడవలసి వచ్చుచున్నది. ఇది మీకు రెండు విధముల పనిచేయును: బాగుచేయించుట కష్టము, కాని భాగములను అమ్మజూపినచో అడుగువారుందురు.

లెక్క

ఒక ఉదాహరణమును చూతము. ఇందలి ధరలు ఊహించినవి. మీ ప్రాంతపు ధరలను వేసికొని చూచుకొనుడు. ముప్పదియైదు హార్సుపవరు బండి ఒకటి కలదు. దానిపై ఇదివరకే 1,30,000 రూపాయలు ఖర్చైనది. బాగుచేయించుటకు ఇక 85,000 కావలెనని మెకానిక్కు చెప్పుచున్నాడు. నడచు స్థితిలో అది 1,70,000 చేయును. ఉన్నదున్నట్లు అమ్మినచో 55,000 వచ్చును. విప్పి అమ్మినచో అన్నియు కలిసి 80,000 రావచ్చును.

ఇందు 1,30,000ను కొట్టివేయుడు. 1,70,000లో 85,000 తీసివేసినచో 85,000 మిగులును గనుక బాగుచేయించుటయే మేలని తోచును. కాని విప్పిన ఇంజనులో చెప్పని ఖర్చు బయటపడకుండుట అరుదు. మెకానిక్కు చెప్పిన దానికి మూడవ వంతు చేర్చుట మంచిది. అప్పుడు ఖర్చు సుమారు 1,13,000 అగును, మిగులునది 57,000. ఉన్నదున్నట్లు అమ్మినను వచ్చునది దాదాపు అంతే. కావున అమ్మకపు లాభమునకై బాగుచేయించుట ఇందు దండుగ. మీకు ఆ బండితో పని కలదా అనునదే తేల్చవలసిన విషయము.

అద్దె ట్రాక్టరుకు గంటకు 1,100 రూపాయలు ఇచ్చుచున్నారనుకొందము. సొంత బండికి డీజిలు, డ్రైవరు కూలి, నూనెలు, చిల్లర మరమ్మతులు కలిసి గంటకు 700 అగుననుకొందము. గంటకు 400 మిగులును. అయిదెకరముల రైతుకు సంవత్సరమునకు నలుబది గంటల పని యున్నచో మిగులునది 16,000. ఆ లెక్కన 1,13,000 తిరిగి చేతికి వచ్చుటకు ఏడేండ్లు పట్టును. అంతవరకు పాత బండి మరల చెడకుండునా? అదే ఇరువది ఎకరములు చేయుచు, చెరకో ధాన్యమో తోలుకొనుచు, ఇరుగుపొరుగునకు అద్దెకిచ్చి ఏటికి రెండు వందల గంటలు నడుపు రైతుకు 80,000 మిగులును; ఏడాదిన్నరలోపల ఖర్చు తీరును. ఒకే బండి ఒకనికి బరువు, మరియొకనికి ఆసరా. అయితే కల్టివేటరు, ట్రక్కు లేనివాడు వాటి ఖరీదును గూడ ఈ లెక్కలో చేర్చుకొనవలెను.

అదను సంగతి డబ్బు లెక్కలో కనబడదు. తొలకరి వానలు పడి ఊరంతయు దుక్కికి దిగినప్పుడు అద్దె బండి దొరకక నాలుగు దినములు ఆలస్యమైనచో కలుగు నష్టము మీకే తెలియును. మీ ఊరిలో అద్దె ట్రాక్టరులు కొరతగ నున్నచో బాగుచేయించుట వైపు కొంత మొగ్గవచ్చును. కాని విత్తనములకు, ఎరువులకు ఉంచిన సొమ్మును ఇంజనులో పోయరాదు. పంట అప్పును ట్రాక్టరునకు మరలించి, మరల వడ్డీ వ్యాపారివద్ద ఎరువులకు అప్పు చేసినవారిని ఎరుగనివారు లేరు.

విప్పి అమ్మునప్పుడు

విడిగ అమ్మినచో ఎక్కువ వచ్చుననుట నిజమే గాని ఆ ఎక్కువ ఒక్కసారిగ రాదు. మంచి టైర్లు, డీజిలు పంపు, సెల్ఫు మోటారు, హైడ్రాలిక్కు లిఫ్టు, రేడియేటరు, ముందు ఇరుసు మొదట పోవును. పిదప మిగిలిన మొండెమును అడుగువారుండరు. అది ఇనుము తూకమునకే పోవును. మొదటి గిరాకీదారుడు పంపును, టైర్లను మాత్రమే అడిగినచో, మిగిలిన దానికి ఏమి వచ్చునో లెక్కించిన పిమ్మటనే వాని ధరకు ఒప్పుకొనవలెను. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల రెండు మూడు అంగళ్ళలో ధరలు విచారించినచో మోసపోవుట తగ్గును. ఇనుమును కంటి అంచనాతో అమ్మక వే బ్రిడ్జి కాటా చీటీపై అమ్ముడు. మీకుగాని మీ అన్నదమ్ములకుగాని అదే రకపు బండి యున్నచో పంపు, గేర్లు అమ్మక నూనె పూసి దాచుకొనుట అన్నిటికన్న లాభము.

బండిని నడుమకు విప్పునప్పుడు రెండు సగములును విడివిడిగ దొర్లును. ముందు ఇరుసునకు కొయ్య చీలలు బిగించి, రెండు వైపుల గట్టి దిమ్మలు పెట్టక బోల్టులు తీయరాదు. ఒక్క జాకీని నమ్మరాదు. వెనుక టైర్లలో బరువుకొరకు నీరు నింపియుండవచ్చును. ముందు ఆ నీటిని తీయవలెను. పాత నూనెను కాలువలో పోయక డబ్బాలో పట్టి కొనువారికి ఇయ్యవలెను.

కాగితములు

ఒక్క బోల్టు తీయకముందే ఆర్.సి. పుస్తకమును చూడుడు. అందు బ్యాంకు పేరు ఇంకను యున్నచో బాకీ తీర్చి, బ్యాంకు పత్రముతో 35వ ఫారము ఇచ్చి ఆ పేరును తొలగింపించవలెను. అంతవరకు ఆ బండిని విప్పి అమ్ముటకు మీకు హక్కు లేదు. బండిని మొత్తముగ అమ్మినచో 29, 30 ఫారములపై సంతకములు చేయుటతో ఊరుకొనక, కొన్నవాని పేరు ఆర్.సి.లో ఎక్కినదాక విడువరాదు. పేరు మారక ప్రమాదము జరిగినచో పుస్తకములో పేరున్నవాడే యజమానిగ బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. ఇంజనును విడిగ అమ్మినచో దాని నంబరు, తేది, కొన్నవాని పేరు, చిరునామా వ్రాసి రసీదుపై సంతకము తీసికొనుడు.

విప్పిన బండి ఇక రోడ్డెక్కదు గనుక మోటారు వాహనముల చట్టము, 1988, 55వ సెక్షను ప్రకారము 14 దినములలోగా రిజిస్ట్రేషను కార్యాలయమునకు తెలిపి ఆర్.సి.ని అప్పగింపవలెను. దరఖాస్తు నకలుపై కార్యాలయపు ముద్ర వేయించి, ఇనుము కాటా చీటీతో కలిపి ఇంటిలో దాచుకొనుడు.